ఒకే గాటన కట్టలేని బ్యాండ్‌లు: ప్రోగ్రెసివ్ రాక్‌లో ఇన్ని బాణీలు ఎలా వచ్చాయి

క్లుప్తంగా: 1970 ప్రాంతంలో బ్రిటన్ బ్యాండ్‌లకు ఒక వెసులుబాటు దొరికింది. ఎల్పీ రికార్డు (ఒక్కో వైపు 20 నిమిషాలు పట్టే పెద్ద రికార్డు), కాలేజీ శ్రోతలు, కొత్త లేబుళ్లు (రికార్డులు తెచ్చే సంస్థలు) కలిసి మూడు నిమిషాల పాట అనే కట్టుబాటును సడలించాయి. ఆ వెసులుబాటుకు పడిన పేరే ప్రోగ్రెసివ్ రాక్. దాన్ని ఏ బ్యాండ్ ఎలా వాడుకుందన్నది రెండిటి మీద ఆధారపడింది: సభ్యులు ఎక్కడ సంగీతం నేర్చుకున్నారు, పాట కట్టేటప్పుడు ఎవరి మాట చెల్లింది.

పింక్ ఫ్లాయిడ్ నచ్చిన శ్రోత స్ట్రీమింగ్ యాప్ సలహా విని ఎమర్సన్, లేక్ అండ్ పామర్ పాట పెట్టుకుంటే ఖంగు తినడం ఖాయం. మొదటిది నిదానంగా, గాలిలో తేలినట్టు సాగుతుంది. రెండోదానిలో గిటారు వెతుక్కోవాలి. ఆర్గన్ మీద వేళ్లు పరుగులు తీస్తుంటాయి. అదే యాప్ జెంటిల్ జెయింట్ వినమంటే, అక్కడ నాలుగు గొంతులు నాలుగు వరసలు పాడుతుంటాయి. జెత్రో టల్‌లో ఒకాయన ఒంటికాలి మీద నిలబడి ఫ్లూట్ ఊదుతుంటాడు. అన్నిటి మీదా అతికించిన చీటీ మాత్రం ఒకటే: ప్రోగ్.

పొడుగు పాటలు, బేసి తాళాలు, కీబోర్డులు, కల్పిత లోకాల కథలు అంటూ ఈ సంగీతానికి నిర్వచనం చెప్పడం పరిపాటి. ఆ జాబితాలో ఏ ఒక్కటీ అందరికీ నప్పదు. పింక్ ఫ్లాయిడ్ పాటల్లో ఎక్కువ భాగం మామూలు నాలుగు దెబ్బల లెక్కే. జెత్రో టల్ 1971 ఆల్బమ్ 'ఆక్వాలంగ్' మొదలయ్యేది పార్కు బెంచీ మీద కూర్చున్న ఒక బికారితో. ధ్వని లక్షణాలతో నిర్వచించబోతే ఎప్పుడూ ఎవరో ఒకరు బయటే మిగులుతారు. అందుకే ముందు ఆ కాలం పరిస్థితులు చూడాలి.

20 నిమిషాల జాగా

45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) సింగిల్ రికార్డులో పాట అంటే సుమారు మూడు నిమిషాలు. ఎల్పీ 1948లోనే వచ్చినా, రాక్ గ్రూపులకు అది చాలాకాలం సింగిల్స్‌ను పోగుచేసి అమ్మే సంచీగానే ఉండిపోయింది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' వచ్చాక జనం ఆల్బమ్‌ను ఆల్బమ్‌గానే కొంటారని తేలిపోయింది. తర్వాత ఏది అమ్ముడవుతుందో పెద్ద కంపెనీల మేనేజర్లకు అంతుపట్టలేదు. అంతుపట్టని సరుకు కోసం వాళ్లు విడిగా లేబుళ్లు తెరిచారు. 1969లో ఈఎంఐ హార్వెస్ట్‌ను, ఫిలిప్స్ వర్టిగోను మొదలుపెట్టాయి. అదే ఏడు టోనీ స్ట్రాటన్ స్మిత్ సొంతంగా కరిష్మా స్థాపించాడు. జెనిసిస్, వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ ఆ నీడనే పెరిగాయి.

రెండో మార్పు శ్రోతల్లో వచ్చింది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాల హాళ్లు బ్యాండ్‌లకు కచ్చేరీ వేదికలయ్యాయి. అక్కడ జనం కింద కూర్చుని వినేవాళ్లు. నాట్యం చేసే జనం ఉన్న చోట డ్రమ్మర్ దెబ్బ మారిస్తే గోల మొదలవుతుంది. కూర్చుని వినే చోట ఎన్నిసార్లు మార్చినా అడిగేవాడు లేడు. బేసి లెక్కలు ఇంత ధీమాగా రాక్‌లోకి రావడానికి సిద్ధాంతాల కంటే ఈ చిన్న విషయమే ఎక్కువ దోహదపడిందనుకోవాలి. అమెరికాలో ఎఫ్‌ఎం రేడియో పొడవైన పాటలను కోయకుండా వేయడం మొదలుపెట్టడంతో సముద్రం అవతల కూడా గిరాకీ పుట్టింది.

ఆ పొడవుకీ ఒక హద్దు ఉంది. ఎల్పీ ఒక్కో వైపు హాయిగా పట్టేది 20, 22 నిమిషాలు. అంతకు మించితే గీతలను దగ్గర దగ్గరగా చెక్కాలి; శబ్దం సన్నబడుతుంది, బేస్ పలచనవుతుంది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ 'టార్కస్' 20 నిమిషాల పైచిలుకు, యెస్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' 18 దాటి, జెనిసిస్ 'సప్పర్స్ రెడీ', పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్' 23 చుట్టుపక్కల. నాలుగు వేర్వేరు బ్యాండ్‌లు ఇంచుమించు ఒకే నిడివి దగ్గర ఆగడానికి కారణం సంగీతంలో లేదు, ప్లాస్టిక్‌లో ఉంది. తెలుగునాట 78 ఆర్‌పీఎం రికార్డుల రోజుల్లో నాటక పద్యాల ఆలాపనను మూడు నిమిషాలకు కుదించి పాడాల్సి వచ్చింది. ఇక్కడ జరిగింది దానికి తిరగవేసిన కథ.

జాగా అందరికీ ఒకటే. ఇక తేడాలన్నీ అందులో ఎవరేం కట్టుకున్నారన్న దగ్గర మొదలవుతాయి.

ఒక డ్రమ్మర్, మూడు బ్యాండ్‌లు

ఈ తేడాలను కొలవడానికి చేతికందే కొలబద్ద బిల్ బ్రూఫోర్డ్. 1968లో యెస్ మొదలైనప్పటి నుంచి 1972 దాకా ఆ బ్యాండ్‌లో, తర్వాత 1974 దాకా కింగ్ క్రిమ్సన్‌లో డ్రమ్స్ వాయించాడు. 1976లో జెనిసిస్‌తో కచ్చేరీ యాత్ర చేశాడు. మనిషి అతనే. మూడు చోట్లా పని చేసే పద్ధతికి మాత్రం పొంతన లేదు.

యెస్‌లో పాట చర్చల్లోంచి పుట్టేది. బేస్ గిటారు వాయించే క్రిస్ స్క్వయర్ చిన్నప్పుడు చర్చి గాయక బృందంలో పాడినవాడు. ఆ బ్యాండ్ పాటల్లో మూడు గొంతులు కలిసి పైస్థాయికి ఎగబాకే తీరుకు ఆ శిక్షణే పునాది. కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో కొంతకాలం చదివి మధ్యలో మానేసినవాడు. గాయకుడు జాన్ ఆండర్సన్‌కు సంగీతం రాయడం, చదవడం పెద్దగా రాకపోయినా, పాట ఏ ఆకారంలో ఉండాలో మాత్రం ఊహ ఉండేది. 'క్లోజ్ టు ది ఎడ్జ్' 1972లో లండన్‌లోని అడ్విజన్ స్టూడియోలో ముక్కలు ముక్కలుగా తయారైంది. కొన్ని సెకన్ల భాగాన్ని తేల్చుకోవడం, రికార్డు చేయడం, తర్వాతి ముక్కను వాదించి తేల్చుకోవడం, చివరికి ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్ టేపును కోసి అతికించడం. మధ్యలో వచ్చే పెద్ద ఆర్గన్ ఘట్టం కోసం లండన్‌లోని సెయింట్ జైల్స్ చర్చికి వెళ్లి అక్కడి ఆర్గన్‌నే వాయించారు. పాట మొత్తాన్ని ఒక్క బిగిన వాయించడం స్టేజీ ఎక్కేముందు వాళ్లకే కొత్త పాఠం.

ఆ ఆల్బమ్ పూర్తవగానే, అమ్మకాలు ఎగబాకుతున్న వేళ, బ్రూఫోర్డ్ యెస్‌ను వదిలేసి కింగ్ క్రిమ్సన్‌లో చేరాడు. గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ నడిపే ఆ బృందంలో ముందస్తు చర్చలు తక్కువ, వేదిక మీద అప్పటికప్పుడు అల్లుకునేది ఎక్కువ. 1974 ఆల్బమ్ 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్'లో చాలా భాగం కచ్చేరీల్లో రికార్డు చేసినదే. చప్పట్లు తీసేసి స్టూడియో ఆల్బమ్‌లా విడుదల చేశారు. అందులో 'ట్రయో' అనే ఒక నెమ్మది తునక ఉంది. వయొలిన్, బేస్, మెలొట్రాన్ (టేపుల మీది వాద్యధ్వనులను పలికించే కీబోర్డు) మెల్లగా సాగుతుంటే బ్రూఫోర్డ్ కర్రలు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని ఊరుకున్నాడు. ఒక్క దెబ్బ వేయలేదు. ఆ ఊరుకోవడమే పాటను నిలబెట్టిందని తక్కిన వాళ్లు అతని పేరు కూడా స్వరకర్తల్లో చేర్చారు. టేపు ముక్కలను సెకన్లలో లెక్కించే యెస్‌లో ఇలాంటిది ఊహకందదు.

అదే ఏడాది 'రెడ్' ఆల్బమ్‌లో 'స్టార్‌లెస్' అనే పాట వచ్చింది. పేరు చూసి ముందరి ఆల్బమ్‌లోదని పొరబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో 13 దెబ్బల లెక్కలో బేస్ తిరుగుతుంటే, ఫ్రిప్ గిటారు నిమిషాల తరబడి దాదాపు ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ స్వరం ఎప్పటికో ఒక మెట్టు పైకి జరుగుతుంది. మిగతా ప్రోగ్ బ్యాండ్‌లు స్వరాలు కుప్పపోసి సాధించే ఉద్విగ్నతను ఇక్కడ స్వరాలు ఆపేసి రాబట్టారు.

జెనిసిస్ దగ్గరికి వచ్చేసరికి బ్రూఫోర్డ్ పాత్ర మరోలా ఉంది. 1975లో గాయకుడు పీటర్ గాబ్రియెల్ వెళ్లిపోయాడు. డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడటానికి ముందుకొచ్చాడు. వెనక కుర్చీ ఖాళీ అయింది. కాలిన్స్ ముందే ఖాయం చేసిన డ్రమ్స్‌ను నమ్మకంగా వాయించడమే అక్కడ పని. పాటలో ప్రతి భాగానికీ కథతో ముడి ఉంటుంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు మార్చేందుకు వీల్లేదు. ఆ యాత్ర ముగిశాక అతను అక్కడ ఉండిపోలేదు.

పగ్గాలు ఏ వాద్యం చేతిలో

బ్యాండ్ పేరు తెలియకుండా పాట విన్నా, పాటను ముందుకు లాగుతున్న వాద్యం ఏదో పసిగడితే సగం గుర్తుపట్టినట్టే.

ఎమర్సన్, లేక్ అండ్ పామర్‌లో పగ్గాలు కీబోర్డువి. హంగరీ స్వరకర్త బర్టోక్ పియానో రచనను రాక్‌గా మార్చుకున్న కీత్ ఎమర్సన్‌కు యూరప్ సంప్రదాయ సంగీతం సొంత ఇల్లు. 1971 మార్చిలో న్యూకాసిల్ సిటీ హాల్లో రష్యా స్వరకర్త ముసోర్గ్‌స్కీ 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ను వాయించి ఆల్బమ్‌గా తెచ్చారు. అయితే ఎమర్సన్ హామండ్ ఆర్గన్ మీటల మధ్య కత్తులు గుచ్చి స్వరాలను మోగుతూ ఉంచేసేవాడు. పాండిత్యమూ సర్కస్సూ ఒకే వేదిక మీద. ఈ బ్యాండ్‌ను మెచ్చేవాళ్లూ తిట్టేవాళ్లూ వేలెత్తి చూపేది ఆ ఒక్క చోటినే.

జెనిసిస్‌కు మూలం చార్టర్‌హౌస్ అనే పాత ప్రైవేటు బోర్డింగ్ స్కూలు. అక్కడి ప్రార్థన గీతాల ఛాయ టోనీ బ్యాంక్స్ కీబోర్డు వరసల్లో తెలిసిపోతుంది. దాని మీద 12 తీగల గిటార్లు పరచుకుంటాయి. ఆ గిటార్లతో ఒక చిక్కు: పాటకూ పాటకూ మధ్య శ్రుతి చేసుకోవడానికి చాలా సేపు పట్టేది. ఆ ఖాళీ నింపడానికి గాబ్రియెల్ వింత కథలు చెప్పడం మొదలుపెట్టాడు. 1972లో డబ్లిన్‌లో ఎర్ర గౌను, నక్క తల తగిలించుకుని వేదికెక్కాడు. హరిదాసు ఒక్కడే అన్ని పాత్రలూ ధరించినట్టు, 'సప్పర్స్ రెడీ'లో అతను ఘట్టానికో వేషం మార్చేవాడు. తీగల శ్రుతి సమస్య ఒక బ్యాండ్ నాటకీయ బాణీకి దారి తీసిందంటే వింతగానే ఉంటుంది.

వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్‌కు గిటారు ప్రధానమే కాదు. బేస్ వాయించే మనిషి 1970లో వెళ్లిపోతే, హ్యూ బాంటన్ ఆర్గన్ పెడల్స్ మీద కాళ్లతోనే బేస్ వాయించేశాడు. డేవిడ్ జాక్సన్ రెండు సాక్సఫోన్లను ఒకేసారి నోట పెట్టుకునేవాడు. పీటర్ హామిల్ గొంతు గుసగుసలోంచి అరుపులోకి ఒక్క ఉదుటున దూకుతుంది. స్వదేశంలో పెద్దగా ఆదరణ లేని ఈ బృందం 'పాన్ హార్ట్స్' ఆల్బమ్‌తో ఇటలీలో మొదటి స్థానానికి వెళ్లింది.

జెంటిల్ జెయింట్‌లో పగ్గాలు ఎవరి చేతిలోనూ ఉండవు. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివిన కెర్రీ మినియర్ ప్రభావంతో ఒకరు ఎత్తుకున్న వరస ముగియకముందే రెండోవారు, ఆ వెంటనే మూడోవారు అందుకుంటారు. 1975 నాటి 'ఆన్ రిఫ్లెక్షన్' నాలుగు గొంతులతో అలాగే మొదలవుతుంది. వినడానికి శ్రమపడాలి, అమ్మకాలూ అందుకు తగ్గట్టే ఉన్నాయి.

జెత్రో టల్ బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల పాట) నుంచి వచ్చింది. బ్లూస్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌లా ఎలాగూ వాయించలేననుకున్న ఇయన్ ఆండర్సన్ గిటారు ఇచ్చేసి ఫ్లూట్ పట్టాడు. 'ఆక్వాలంగ్'ను విమర్శకులు ఒకే కథగా అల్లిన ఆల్బమ్ అనడం అతనికి నచ్చలేదు. కథల ఆల్బమ్ కావాలా, ఇదిగో అన్నట్టు 1972లో 'థిక్ యాజ్ ఎ బ్రిక్' తీసుకొచ్చాడు. రెండు వైపులా కలిపి ఒకే పాట. అట్టగా ఒక ఉత్తుత్తి పల్లెటూరి దినపత్రిక. వెక్కిరింతగా చేసిన ఆ ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. దాన్ని ఇప్పుడు ఆ శైలికే మచ్చుతునకగా చూపిస్తున్నారు.

కాంటర్‌బరీ ఊరి బ్యాండ్‌లైన సాఫ్ట్ మెషీన్, కారవాన్ జాజ్ వైపు మొగ్గాయి. సాఫ్ట్ మెషీన్ 1970 ఆగస్టులో రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరిగే ప్రామ్స్ సంగీతోత్సవంలోనే వాయించింది. ఫ్రాన్స్‌లో మాగ్మా తన పాటల కోసం ఏకంగా కొత్త భాషనే కల్పించుకుంది.

ఏడు లెక్కలో తేడా

బేసి లెక్కలు ప్రోగ్ ముద్ర అంటారు. కర్ణాటక సంగీతం చెవినపడిన తెలుగువాళ్లకు ఏడు వింతేమీ కాదు; తకిట తకధిమి అంటూ మిశ్ర చాపు చేతి మీదే ఉంటుంది. ఐదైతే ఖండం, తొమ్మిదైతే సంకీర్ణం. అసలు తేడా మరోచోట ఉంది. కృతిలో తాళం మొదటి నుంచి చివరి దాకా నిలిచి ఉంటుంది, దాని మీద అల్లికలు మారతాయి. యెస్, జెంటిల్ జెయింట్ లాంటి బ్యాండ్‌లలో లెక్కే ముక్కముక్కకూ మారిపోతుంది. లెక్క తెలిసిన చెవికి కూడా అందుకే అక్కడ కాలు నిలవదు.

పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లోని 'మనీ' ఏడు దెబ్బల పాట. ఆ ఏడు దెబ్బలు చిల్లర గలగల, గల్లాపెట్టె మోత, కాగితం చింపిన చప్పుడు లాంటి శబ్దాలతో మొదలవుతాయి. రోజర్ వాటర్స్ ఒక్కో శబ్దాన్ని టేపు మీద రికార్డు చేసి, స్కేలుతో కొలిచి ముక్కలు సమానంగా కోసి, చుట్టగా అతికించాడు. దాని మీద బ్లూస్ తరహా బేస్ నడక వస్తుంది. సాక్సఫోన్ దాకా ఏడే సాగి, గిటారు సోలో వచ్చేసరికి లెక్క మామూలు నాలుగులోకి దిగుతుంది. తల ఊపుతూ విన్నవాళ్లలో చాలామందికి ఏడు సంగతే తెలియదు. జెనిసిస్ 'సప్పర్స్ రెడీ'లో ఒక ఘట్టానికి 9/8 అన్న లెక్కనే పేరులో పెట్టుకుంది. అడుగున తొమ్మిది తిరుగుతుంటే పైన ఆర్గన్ దాన్ని లక్ష్యపెట్టనట్టు తన దారిన పోతుంది. ఒకరు లెక్కను దాచారు, ఒకరు చాటారు.

పింక్ ఫ్లాయిడ్ ప్రోగ్ లెక్కలోకి వస్తుందా అనే ఎడతెగని వాదన ఇక్కడే పుడుతుంది. వాళ్లలో ముగ్గురు లండన్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థులుగా కలుసుకున్నవాళ్లు. వాయిద్య విన్యాసం కంటే శబ్దాల అమరిక వాళ్లకు ముఖ్యం. వేళ్ల వేగాన్ని గీటురాయిగా పెట్టుకుంటే ఆ బ్యాండ్ బయటే ఉంటుంది. 20 నిమిషాల జాగాను వాడుకున్న తీరు చూస్తే నడిబొడ్డునే ఉంటుంది. రెండోదే సరైన గీటురాయి.

యోగి ఆత్మకథ నుంచి పాలకొల్లు మాండలిన్ దాకా

ఈ సంగీతంలో భారతీయ ఛాయ ఉందనగానే సితార్ గుర్తుకొస్తుంది. యెస్‌లో అది మరో రూపంలో వచ్చింది. 1973 మార్చిలో బ్రూఫోర్డ్ పెళ్లి విందులో కింగ్ క్రిమ్సన్ తాళవాద్యకారుడు జేమీ మ్యూర్, పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ' చదవమని యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్‌కు చెప్పాడు. ఆ పుస్తకంలో శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అంటూ శాస్త్రాలను వివరించిన ఒక అధోజ్ఞాపిక ఉంది. ఆండర్సన్ ఆ నాలుగింటినీ నాలుగు పాటలకు నమూనాగా తీసుకున్నాడు. అదే ఏడాది చివర వచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'లో రెండు ఎల్పీల నాలుగు వైపులకూ నాలుగే పాటలు. రాగం గానీ తాళం గానీ భారతదేశానివి కావు; తీసుకున్నది వర్గీకరణను మాత్రమే.

వేక్‌మన్‌కు ఆ ఆల్బమ్ బొత్తిగా రుచించలేదు. మాంచెస్టర్ కచ్చేరీలో తన సహాయకుడు తెచ్చిన కూర భోజనాన్ని కీబోర్డుల పక్కనే కూర్చుని తిన్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1974లో బ్యాండ్ వదిలేశాడు. 20 నిమిషాల జాగా నిండాలంటే అందుకు తగ్గ సరుకు ఉండాలన్న ఆక్షేపణ ఈ ఆల్బమ్‌తోనే గట్టిగా మొదలైంది.

తెలుగువాళ్లకు నేరుగా తగిలే ముడి చాలా ఆలస్యంగా పడింది. జెనిసిస్ వదిలాక ప్రపంచ సంగీతాల వైపు మళ్లిన గాబ్రియెల్ 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ స్థాపించాడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ కలిసి చేసిన 'డ్రీమ్' 1995లో ఆ లేబుల్ నుంచే వచ్చింది. నక్క తల తగిలించుకున్న గాయకుడి సంస్థ, పశ్చిమ గోదావరి మాండలిన్‌కు వేదికైంది.

జాగా తగ్గాక

ప్రోగ్‌ను పంక్ అనే పొట్టి, మొరటు రాక్ చంపేసిందని చెప్పడం తేలిక. తేదీలు అందుకు ఒప్పుకోవు. పంక్ బ్రిటన్‌లో పేలింది 1976–77లో. ఫ్రిప్ కింగ్ క్రిమ్సన్‌ను 1974లోనే మూసేశాడు, గాబ్రియెల్ 1975లో వెళ్లిపోయాడు. 1973 చమురు సంక్షోభంతో రికార్డుల ముడిసరుకు ప్రియమైంది. 1977లో పూర్తి ఆర్కెస్ట్రాను వెంటేసుకుని బయల్దేరిన ఎమర్సన్, లేక్ అండ్ పామర్ ఖర్చు తట్టుకోలేక దారిలోనే ఆర్కెస్ట్రాను ఇంటికి పంపాల్సి వచ్చింది. పంక్ వచ్చేనాటికే ఇల్లు సగం ఖాళీ.

1980ల మొదట్లో రెండు ఎదురెదురు దారులు కనిపిస్తాయి. 1981లో ఫ్రిప్ కింగ్ క్రిమ్సన్‌ను తిరిగి తెరిచి, బ్రూఫోర్డ్‌తో, ఇద్దరు అమెరికన్లతో 'డిసిప్లిన్' చేశాడు. మెలొట్రాన్ లేదు, వయొలిన్ లేదు. ఇండోనేషియా గమెలాన్ (కంచు వాద్యాల బృంద సంగీతం) తరహాలో రెండు గిటార్లు ఒకదానిలోకి ఒకటి పళ్లచక్రాల్లా దిగుతాయి. పాత శ్రోతల్లో కొందరికి ఇది క్రిమ్సనే అనిపించలేదు.

రెండో దారి ఏషియా అనే కొత్త బ్యాండ్. కింగ్ క్రిమ్సన్ నుంచి జాన్ వెట్టన్, యెస్ నుంచి స్టీవ్ హౌ, జెఫ్ డౌన్స్, ఎమర్సన్, లేక్ అండ్ పామర్ నుంచి కార్ల్ పామర్. కాగితం మీద చూస్తే మూడు బాణీల సంగమం. 1982లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు నాలుగైదు నిమిషాలవే, రేడియోకు సరిపడేవే. ఏ ముక్క క్రిమ్సన్ నుంచి వచ్చింది, ఏది యెస్‌ది అని విడదీసి చెప్పడం కష్టం. ఆ ఏడాది అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వార్షిక పట్టికలో మొదటి ఆల్బమ్ అదే.